గదిలో సరిగ్గా, ఫ్రీజర్‌లో తప్పుగా చెప్పే సెన్సర్: ఒక ఐస్‌మేకర్ కేసు

నేపథ్యం

విశాఖలో బీచ్ రోడ్డుకు దగ్గర్లోని ఒక అపార్ట్‌మెంట్, ఐదో అంతస్తు. రెండు తలుపులు పక్కపక్కన ఉండే పెద్ద ఫ్రిజ్, కొని ఆరేళ్లు దాటింది. ఫ్రీజర్ వైపు తలుపులో నీళ్లూ ఐసూ వచ్చే డిస్పెన్సర్ ఉంది. ఐస్‌మేకర్ ఫ్రీజర్ పైభాగంలో ఉంటుంది. ట్రేలో గడ్డలు తయారయ్యాక మోటారు ట్రేని తిప్పి, కాస్త మెలిపెట్టి కింద బకెట్లోకి పడేస్తుంది. నీళ్ల లైను పై ట్యాంకు పైపు నుంచి ప్రీ ఫిల్టర్, చిన్న బూస్టర్ పంపు గుండా ఫ్రిజ్ వెనకున్న వాల్వుకు వస్తుంది. కంపెనీ పేరు, మోడల్ నంబరు, ఇంటి గుర్తులు వదిలేశాను. పాఠానికి వాటితో పని లేదు.

ఇంట్లో పెద్దాయనకు మోకాలి ఆపరేషన్ అయి ఆరు వారాలైంది. రోజుకు మూడుసార్లు ఐస్ ప్యాక్ పెట్టాలి. కాబట్టి ఐస్ రాకపోవడం ఆ ఇంట్లో నిమ్మరసానికి పరిమితమైన ఇబ్బంది కాదు.

సమస్య

మే మొదటి వారం నుంచి ఐస్ తగ్గుతూ వచ్చి, రోహిణి కార్తె వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయింది. ఫ్రీజర్ మాత్రం బాగానే ఉంది. డిస్‌ప్లేలో మైనస్ 18, ఐస్‌క్రీం రాయిలా ఉంది, ఎర్రర్ కోడ్ ఏదీ లేదు. ఇంటావిడ చెప్పిన మాటలు దాదాపు ఇవి: "బాబూ, ట్రేలో నీళ్లు గడ్డ కట్టే ఉంటున్నాయి. గోటితో కొడితే టక్ టక్ మంటోంది. కానీ కింద పడట్లేదు. మొన్నటిదాకా తెల్లారి లేచి చూస్తే ఒక విడతైనా పడి ఉండేది, ఇప్పుడు అదీ లేదు."

ఈ మాటల్లో రెండు ఆధారాలున్నాయి. గడ్డ కడుతోంది కానీ పడట్లేదు అనేది మొదటిది. పూర్తిగా ఆగేముందు కొన్నాళ్లు తెల్లవారుజామున మాత్రమే పడేది అనేది రెండోది. మొదటిది సగం ఫ్రిజ్‌ని నిర్దోషిగా తేల్చేస్తుంది. రెండోదాని విలువ చివర్లో గానీ తెలియలేదు.

అప్పటికే జరిగిన రిపేర్లు

అంతకు ముందు రెండుసార్లు మెకానిక్ వచ్చి వెళ్లారు. మొదటిసారి నీళ్ల ప్రెషర్ చాలట్లేదని ఫిల్టరూ వాటర్ ఇన్‌లెట్ వాల్వూ మార్చారు. అనుమానానికి కారణం లేకపోలేదు. ఇలాంటి ఫ్రిజ్‌లకు కనీసం 20 పీఎస్ఐ (ప్రెషర్‌కి కొలమానం) ఉండాలి. ట్యాంకు నీటిమట్టం వాల్వుకు నాలుగు మీటర్ల ఎత్తున ఉంటే వచ్చేది 0.4 బార్, అంటే ఆరు పీఎస్ఐ కూడా కాదు. విశాఖ అపార్ట్‌మెంట్లలో పై అంతస్తుల వాళ్లకు ఐస్ రాకపోతే చాలాసార్లు కారణం ఇదే. అయితే ఈ ఇంట్లో బూస్టర్ పంపు ఉంది, పైగా ట్రే నిండా గడ్డ ఉంది. నీళ్లు రాకపోతే ఆ గడ్డ ఎక్కడిది?

రెండోసారి సెన్సర్ దాకా వచ్చారు. విప్పి, గదిలో మల్టీమీటరుతో కొలిచి "సెన్సర్ ఓకే" అన్నారు. అది ఓకే అయితే మిగిలింది మెయిన్ బోర్డు కాబట్టి బోర్డు మార్చాలన్నారు. బోర్డు ధర విన్నాక ఆ ఇంటివాళ్లు మరొకరిని అడుగుదామనుకున్నారు. కేసు మన చేతికి వచ్చింది అప్పుడే.

ఆ మెకానిక్‌ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన కొలిచిన పద్ధతే మన మెకానిక్‌లలో చాలామంది కొలిచే పద్ధతి. ఆ కొలతలో ఎక్కడ మోసం ఉందో చూపించడానికే ఈ కేసు.

ముందు ఆలోచన, తర్వాత స్క్రూడ్రైవర్

ఈ రకం ఐస్‌మేకర్ పడేయాలంటే నాలుగు షరతులు తీరాలి. నీళ్లు నిండి కనీసం గంట కావాలి. ట్రే అడుగున ఉన్న సెన్సర్ మైనస్ 10 డిగ్రీలకు దిగి, ఐదు నిమిషాలు అక్కడో అంతకన్నా కిందో ఉండాలి. బకెట్ నిండలేదని పక్కనున్న ఆర్మ్ చెప్పాలి. మోటారు పనిచేయాలి. గంటలు, డిగ్రీలు మోడల్‌ని బట్టి మారతాయి. ఇవి ఈ ఫ్రిజ్‌వి.

మోటారు సంగతి తేల్చడానికి ఐస్‌మేకర్ కింద టెస్ట్ బటన్ ఉంటుంది. మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే షరతులతో పని లేకుండా ఒక విడత నడుస్తుంది. నొక్కాం. ట్రే తిరిగింది, గడ్డలు రాలాయి, ట్రే వెనక్కి వచ్చింది, నీళ్లు పడ్డాయి. రెండోసారి నీళ్ల గొట్టం కింద స్టీలు గ్లాసు పట్టి కొలిస్తే 100 మిల్లీలీటర్లు, ఈ ట్రేకి పట్టేది అంతే. దీంతో వాల్వు, ప్రెషర్, ఫిల్టర్, మోటారు, గేర్లు, బోర్డులో మోటారుని నడిపే భాగం ఒకేసారి అనుమానం నుంచి బయటపడ్డాయి. అయిదు నిమిషాల పని.

ఆర్మ్ కీలు దగ్గర పొడి మంచు కొంచెం ఉంది. తుడిచి, పైకీ కిందకీ కదిపి చూస్తే తేలిగ్గా ఆడుతోంది, స్విచ్ క్లిక్‌మంటోంది. బకెట్ ఖాళీగా ఉన్నా ఐస్ పడకపోవడం మారలేదు. అదీ కాదు.

మిగిలినవి మూడు. ట్రే నిజంగానే మైనస్ 10కి చేరడం లేదు, లేదా చేరుతున్నా సెన్సర్ ఆ మాట చెప్పడం లేదు, లేదా సెన్సర్ చెప్పినా బోర్డు వినడం లేదు. వీటిని ఈ వరసలోనే తేల్చాలి. ట్రే నిజమైన ఉష్ణోగ్రత తెలియకుండా సెన్సర్ తప్పు చెబుతోందని ఎలా అంటాం? సెన్సర్ సంగతి తేలకుండా బోర్డుని అనడం అంతకన్నా తప్పు.

ట్రే ఉష్ణోగ్రత

డిస్‌ప్లేలోని మైనస్ 18ని లెక్కలోకి తీసుకోకూడదు. ఆ అంకె ఫ్రీజర్ సెన్సర్‌ది, ట్రేది కాదు. గాలి దారి మూసుకుపోతే ఫ్రీజర్ అంతా మైనస్ 18 ఉండి, ట్రే దగ్గర మైనస్ 6 ఉండొచ్చు. అందుకని థర్మోకపుల్ వైరు (కొసన ఉష్ణోగ్రత కొలిచే సన్నటి వైరు) ఒకటి సెన్సర్ పక్కనే, దాని మీద కప్పిన ఫోమ్ కిందకి దూర్చి టేపు వేశాం. వైరు సన్నం కాబట్టి తలుపు రబ్బరు దాని మీద బాగానే మూసుకుంటుంది. మీటరు బయట పెట్టి తలుపు మూశాం.

నీళ్లు పడ్డాక ఉష్ణోగ్రత త్వరగా సున్నాకి దిగి, అక్కడ చాలాసేపు కదల్లేదు. కంగారు పడక్కర్లేదు. 100 గ్రాముల నీళ్లని 30 డిగ్రీల నుంచి సున్నాకి తేవడానికి తీయాల్సిన వేడి పన్నెండున్నర కిలోజౌళ్లు. సున్నా దగ్గరే ఉంచి గడ్డ కట్టించడానికి తీయాల్సింది 33 కిలోజౌళ్లు. పూర్తిగా గడ్డ కట్టాకే అంకె మళ్లీ దిగుతుంది. గంటా యాభై నిమిషాలకి మైనస్ 10, రెండు గంటల ఇరవై నిమిషాలకి మైనస్ 15 చూపింది. ఇంకో అరగంట ఆగినా ట్రే కదల్లేదు.

అంటే చలి చాలినంత ఉంది. ఆ చలి కబురు మాత్రం బోర్డుకి చేరడం లేదు.

సెన్సర్ ఏం చెబుతోంది

ఈ సెన్సర్ ఎన్‌టీసీ థర్మిస్టర్. చల్లబడేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. కిలో ఓమ్‌ని మన పనిలో 'కె' అంటాం, ఇక్కడా అలాగే రాస్తాను. ఈ సెన్సర్ 25 డిగ్రీల దగ్గర 5కె. సుమారుగా 31 దగ్గర 3.9కె, సున్నా దగ్గర 16.3కె, మైనస్ 10 దగ్గర 27.7కె, మైనస్ 15 దగ్గర 36.6కె, మైనస్ 18 దగ్గర 43కె ఉండాలి. 25 దగ్గర 10కె, 2.7కె ఉండే సెన్సర్లు కూడా వేరే కంపెనీలు వాడతాయి. కాబట్టి ఆ మోడల్ రెసిస్టెన్స్ టేబుల్ చేతిలో లేకుండా కొలవడం దండగ.

సెన్సర్‌ని విప్పకుండానే బోర్డు దగ్గర వోల్టేజీ చూడొచ్చు. ఈ బోర్డులో 5 వోల్టుల నుంచి 10కె రెసిస్టర్ గుండా సెన్సర్‌కి వస్తుంది. రెండూ కలిసేచోట ఉన్న వోల్టేజీని బోర్డు చదువుతుంది. మైనస్ 15 దగ్గర 36.6కె ఉంటే అక్కడ 3.93 వోల్టులు రావాలి. థర్మోకపుల్ మైనస్ 15 చూపుతున్నప్పుడు కనెక్టర్ వెనక నుంచి సన్నటి ప్రోబు పెట్టి చూస్తే 3.47 వోల్టులు వచ్చింది. లెక్క కడితే 22.7కె. అంటే బోర్డు దృష్టిలో ట్రే మైనస్ 6 దగ్గర ఉంది. ఇంకా గడ్డ గట్టిపడలేదని అది ఎదురుచూస్తోంది. దానికి అందిన కబురుని బట్టి అది సరిగ్గానే పనిచేస్తోంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని ఫ్రిజ్ బోర్డుల్లో 5 వోల్టుల వైపు కూడా 230 వోల్టుల మెయిన్స్ నుంచి విడిగా ఉండదు. కరెంటు ఉన్నప్పుడు కొలిచేది వోల్టేజీ మాత్రమే, అదీ ఇన్సులేషన్ బాగున్న ప్రోబులతో, రెండో చేయి దేనికీ తగలకుండా. మిగతా ప్రతి పనికీ ప్లగ్ తీసేయాల్సిందే.

తప్పుదారి పట్టిన రోజు

సెన్సర్ కబురు తప్పని తేలింది కానీ, తప్పు సెన్సర్‌లోనా వైరులోనా కనెక్టర్లోనా అన్నది తేలలేదు. ఐస్‌మేకర్ వెనక కనెక్టర్ విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము కనబడింది. సముద్రం పక్కనున్న ఇళ్లలో ఏసీ అవుట్‌డోర్ కాయిల్ నుంచి గేటు గొళ్లెం దాకా ఉప్పుగాలి దేన్నీ వదలదు కాబట్టి, దొంగ దొరికాడనే అనిపించింది. ఐసోప్రొపిల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్‌తో పిన్నులు శుభ్రం చేసి, హెయిర్ డ్రయర్ తక్కువ వేడి మీద పది నిమిషాలు పట్టి బిగించాం. మర్నాడు పొద్దున ఒక విడత ఐస్ పడింది, మధ్యాహ్నానికి ఇంకోటి. ఇంటావిడ ఫోన్ చేసి మరీ చెప్పారు. ఆ సాయంత్రానికి మళ్లీ ఆగిపోయింది.

శుభ్రం చేసేముందు ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే బాగుండేది. చిలుము పట్టిన పిన్ను కరెంటు దారిలో అడ్డం పడుతుంది. అంటే సెన్సర్ రెసిస్టెన్స్‌కి ఇంకొంచెం కలుస్తుంది. రెసిస్టెన్స్ పెరిగితే బోర్డుకి ట్రే ఉన్నదానికన్నా చల్లగా కనిపించాలి, ఐస్ తొందరపడి పడాలి, లోపల నీళ్లున్న బోలు గడ్డలు రావాలి. ఇక్కడ జరుగుతున్నది దానికి తలకిందులు. రెసిస్టెన్స్ తగ్గి కనిపిస్తోంది. అది తగ్గాలంటే కరెంటుకి ఇంకో దొంగదారి దొరకాలి. రెండు వైర్ల మధ్య ఎక్కడో లీకేజీ ఉండాలి.

ఆ లీకేజీ కనెక్టర్లో రెండు పిన్నుల మధ్య ఉప్పు తేమ వల్ల కావచ్చు, సెన్సర్ గింజ (వైర్ల కొసన ఎపాక్సీలో పొదిగిన అసలు సెన్సర్) లోపల కావచ్చు. విడదీసి చూడటం తేలికే. బోర్డు వైపూ సెన్సర్ వైపూ కనెక్టర్లు రెండూ తీసేసి, మధ్య ఉన్న వైర్ల జత మధ్య మీటరు పెట్టాం. 20 మెగా ఓమ్‌ల రేంజిలో కూడా ఓపెన్ చూపింది. వైరు, కనెక్టర్ శుభ్రం. లీకేజీ సెన్సర్‌లోనే ఉంది. మరి చిలుము తీశాక ఐస్ ఎందుకు పడింది? డ్రయర్ గాలి కనెక్టర్‌తో పాటు పక్కనే వేలాడుతున్న సెన్సర్‌కీ తగిలి, గింజలో తేమ కొంత ఆరింది. ఒక రోజులో ఆ తేమ తిరిగి చేరింది. బాగుచేసిన వెంటనే పనిచేయడం, బాగుచేసినదే కారణం అనడానికి రుజువు కాదు. ఐస్‌మేకర్ విషయంలో కనీసం రెండు రోజులు చూడకుండా కేసు మూయకూడదు.

గది కొలత ఎందుకు మోసం చేసింది

సెన్సర్‌ని బయటికి తీసి 31 డిగ్రీల గదిలో కొలిస్తే 3.64కె వచ్చింది. టేబుల్ ప్రకారం 3.87కె. తేడా ఆరు శాతం, ఉష్ణోగ్రతలో ఒకటిన్నర డిగ్రీకి లోపే. ఆ తేడా ఎవరికి అనుమానం కలిగిస్తుంది? వేళ్లతో పట్టుకుంటేనే అంత మారుతుంది. ముందొచ్చిన మెకానిక్ ఓకే అన్నది ఈ అంకెనే.

ఇప్పుడు 3.87కె పక్కన 60కె లీకేజీ సమాంతరంగా ఉందనుకోండి. రెండూ కలిస్తే 3.64కె. సున్నా దగ్గర 16.3కె పక్కన అదే 60కె ఉంటే 12.8కె, అంటే సెన్సర్ సున్నాని ప్లస్ 5 అంటుంది. మైనస్ 15 దగ్గర 36.6కె పక్కన 60కె ఉంటే 22.7కె, బోర్డు దగ్గర వోల్టేజీ చెప్పిన అంకె సరిగ్గా ఇదే. లీకేజీ మారలేదు. దాని పక్కనున్న సెన్సర్ రెసిస్టెన్స్ చలిలో తొమ్మిది రెట్లు పెరిగింది, అందుకే గదిలో ఆరు శాతంగా ఉన్న తప్పు ఫ్రీజర్‌లో 38 శాతమైంది. వాగులో నీళ్లు బాగా పారుతున్నప్పుడు గట్టుకున్న చిన్న గండి ఎవరికీ కనబడదు. వాగు సన్నబడ్డాక నీళ్లలో పెద్ద వాటా ఆ గండిలోంచే పోతుంది.

కనెక్టర్ చిలుము దీనికి ఎదురు. 1కె అడ్డం పడితే గదిలో 3.87 కాస్తా 4.87 అవుతుంది, ఇట్టే పట్టుబడుతుంది. మైనస్ 15 దగ్గర 36.6 కాస్తా 37.6, ఎవరికీ తెలియదు. ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలా తిరుగుడు తప్పుతుంది. గదిలో ఎక్కువ, చలిలో మామూలు అయితే కనెక్టర్ చూడండి. గదిలో మామూలు, చలిలో తక్కువ అయితే సెన్సర్ తడిసింది.

తెల్లవారుజాము ఐస్ సంగతి కూడా ఇక్కడే విడిపోయింది. బోర్డుకి 27.7కె కనిపించాలి. లీకేజీ 100కె ఉన్నప్పుడు, ట్రే మైనస్ 18కి దిగితే 30కె కనిపిస్తుంది. పడుతుంది, కాకపోతే ఆలస్యంగా. 80కె అయినప్పుడు మైనస్ 18 దగ్గర 28కె, అంచు మీద. మే నెల పగలంతా తలుపు తీస్తూ మూస్తూ ఉంటే ట్రే మైనస్ 18కి దిగదు, రాత్రంతా మూసి ఉంటేనే దిగుతుంది. లీకేజీ 60కె అయ్యాక మైనస్ 18 దగ్గర కూడా 25కె. ఇక ఏ వేళా పడదు. మొదట తగ్గడం, తర్వాత తెల్లారి మాత్రమే పడటం, చివరికి ఆగిపోవడం అన్నీ ఒకే జబ్బు ముదిరిన దశలు. ఎర్రర్ కోడ్ రాకపోవడానికి కూడా కారణం ఇదే. సెన్సర్ పూర్తిగా తెగితేనో షార్ట్ అయితేనో బోర్డు గుర్తిస్తుంది. 25కె అనేది దానికి నమ్మదగిన అంకె.

చలిలో కొలిచే పద్ధతి

స్టీలు గ్లాసులో ఐస్ బాగా చితక్కొట్టి నిండా కూరాలి. ఆ తర్వాతే సందులు నిండేంత మంచినీళ్లు పోయాలి. నీళ్లలో నాలుగు ముక్కలు వేస్తే సున్నా రాదు, రెండు మూడు డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. సెన్సర్‌ని పల్చటి పాలిథీన్ కవర్లో పెట్టి, గాలి లేకుండా నొక్కి, పక్కనే థర్మోకపుల్ ఉంచి, కలుపుతూ ఐదు నిమిషాలు ఆగాలి. తర్వాత మైనస్ కోసం మూడు వంతుల ఐస్‌కి ఒక వంతు రాళ్ల ఉప్పు తూకంతో కలపాలి. మైనస్ 15 సులభంగా వస్తుంది. ఇక్కడ మాత్రం కవరుకి చిల్లి ఉండకూడదు. ఉప్పునీళ్లు సెన్సర్‌కి తగిలితే మనమే కొత్త లీకేజీ పెట్టినట్టు.

మీటరు ప్రోబుల కొసలు చేతితో పట్టుకోవద్దు, మొసలి క్లిప్పులు వాడండి. విశాఖ ఉక్కలో చెమట చేతుల మధ్య రెసిస్టెన్స్ కొన్ని వందల కె లోపే ఉండొచ్చు. రెండు కొసలనీ వేళ్లతో నొక్కిపడితే మంచి సెన్సర్ కూడా అచ్చం ఈ చెడిపోయిన సెన్సర్‌లాగే రీడింగ్ ఇస్తుంది. అలా మంచి సెన్సర్ బుట్టదాఖలవుతుంది, జబ్బు అలాగే మిగులుతుంది.

ఈ సెన్సర్ ఐస్ గ్లాసులో 12.8కె, ఉప్పు ఐస్‌లో మైనస్ 15 దగ్గర 22.8కె ఇచ్చింది. భూతద్దంతో చూస్తే వైర్లు గింజలోకి దిగేచోట ఎపాక్సీకి వెంట్రుకంత చీలిక ఉంది. ట్రే తిరిగిన ప్రతిసారీ దాని అడుగున ఉన్న సెన్సర్ వైరు కూడా వంగుతుంది. రోజుకు పది విడతలనుకున్నా ఆరేళ్లలో ఇరవై వేల పైచిలుకు వంపులు. చీలికలోంచి తేమ దిగింది. సెన్సర్ మీద ఎప్పుడూ కొంచెం డీసీ వోల్టేజీ ఉంటుంది కాబట్టి, తేమలో ఎలక్ట్రోడ్ లోహం మెల్లగా పాకి గింజకి అడ్డంగా సన్నటి దారి వేస్తుంది. తేమ గడ్డ కట్టినా ఆ దారి కరెంటుని పోనిస్తుంది.

బోర్డుని నిర్దోషిగా తేల్చడం

సెన్సర్ దోషం రుజువైనా బోర్డు బాగుందని రుజువైనట్టు కాదు. రెండూ చెడిపోయి ఉండొచ్చు. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, 33కె రెసిస్టర్ ఒకటి చాలు, అది ఒకటి రెండు రూపాయలది. 33కె అంటే బోర్డు దృష్టిలో మైనస్ 13. ట్రేలో గట్టి గడ్డ ఉండగా సెన్సర్ బదులు కనెక్టర్లో దాన్ని పెట్టి, నీళ్ల కుళాయి కట్టేసి, తలుపు మూశాం. కరెంటు తీసి పెట్టడంతో గంట లెక్క మొదటి నుంచి మొదలైంది. గంటా ఆరు నిమిషాలకి ట్రే తిరిగి గడ్డలు పడేసింది. బోర్డు బాగుంది.

ఆ రెసిస్టర్‌ని అక్కడే మరిచిపోకూడదు. అది ఉన్నంతకాలం బోర్డుకి ట్రే ఎప్పుడూ మైనస్ 13లోనే ఉంటుంది. గంటకోసారి సగం గడ్డకట్టిన నీళ్లు బకెట్లో పడి, మర్నాటికి బకెట్ మొత్తం ఒకటే బండ అవుతుంది.

పనిచేసినది

ఈ మోడల్‌కి సెన్సర్ విడిగా కూడా దొరుకుతుంది. ఐస్‌మేకర్ మొత్తం మార్చే పని లేదు. విడి సెన్సర్ కొనేటప్పుడు కనెక్టర్ సరిపోయిందని మురిసిపోవద్దు. 25 దగ్గర 10కె ఉండే సెన్సర్ పొరపాటున పెడితే, అది సున్నా దగ్గరే 32కె పైన ఉంటుంది, బోర్డు దాన్ని మైనస్ 13 అనుకుంటుంది, నీళ్లు నీళ్లుగానే బకెట్లోకి వెళ్తాయి. అందుకే కొత్త సెన్సర్‌ని బిగించే ముందే ఐస్ గ్లాసులో పెట్టి చూశాం. 16.4కె. ఉప్పు ఐస్‌లో మైనస్ 15 దగ్గర 36.4కె.

వైర్లు టంకం వేసి కలిపాం, మెలిపెట్టి టేపు చుట్టడం ఫ్రీజర్‌లో నిలవదు. ఒక్కో అతుకు మీదా లోపల జిగురు పూత ఉన్న హీట్ ష్రింక్ గొట్టం తొడిగాం. అతుకులు ఒకదాని పక్కన ఒకటి రాకుండా రెండు వైర్లనీ వేర్వేరు పొడవుల్లో కోశాం. గింజ మెడ దగ్గర న్యూట్రల్ క్యూర్ సిలికాన్ పల్చగా రాసి, ముందురోజే ఆరబెట్టి తెచ్చాం. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ ఇక్కడ పనికిరాదు, అందులోంచి వచ్చే ఆమ్లం రాగిని తినేస్తుంది. ట్రే తిరిగినప్పుడు వంపు గింజ మెడ మీద పడకుండా వైరుకి కొంచెం వదులు ఇచ్చి, రెండు అంగుళాల అవతల క్లిప్పులో నొక్కాం.

సెన్సర్ మీద కప్పే ఫోమ్ ముక్కని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఫ్యాన్ గాలి నేరుగా సెన్సర్‌కి తగలకుండా అది అడ్డుకుంటుంది, సెన్సర్ ట్రేని మాత్రమే చదివేలా చేస్తుంది. ఫోమ్ లేకపోతే సెన్సర్ గాలిని చదివి, ట్రే కన్నా ముందే మైనస్ 10 అంటుంది. పైన గట్టిగా, లోపల నీళ్లతో బోలు గడ్డలు పడతాయి. పాత ఫోమ్ నలిగిపోయి ఉంటే అదే మందంలో తేమ పీల్చని, మూసిన గడుల (క్లోజ్డ్ సెల్) ఫోమ్ కోసి పెట్టండి. స్పాంజి పెట్టకూడదు, అది తేమ పీల్చుకుని సెన్సర్ చుట్టూ మంచు గడ్డ అవుతుంది.

తేమ ఎక్కడి నుంచి

సెన్సర్ మార్చి వచ్చేస్తే పని సగమే అయినట్టు. ఫ్రీజర్ లోపల గాలి పొడిగా ఉండాలి. అంత తేమ ఎలా వచ్చింది? ఐస్‌మేకర్ చుట్టూ మంచు పేరుకున్న తీరు చూస్తే డిస్పెన్సర్ వైపు మందంగా, వెనక వైపు పల్చగా ఉంది. తలుపు రబ్బరు చుట్టూ పది రూపాయల నోటు పెట్టి లాగి చూశాం, అన్ని చోట్లా పట్టే ఉంది. ఐస్ కిందకి జారే దారికి ఉన్న చిన్న మూత మాత్రం పూర్తిగా మూసుకోవడం లేదు. దాని అంచున బియ్యపు గింజంత ఐస్ ముక్క ఇరుక్కుని, కరిగి, మళ్లీ గడ్డకట్టి, మూతని రెండు మిల్లీమీటర్లు ఎత్తి పట్టింది.

ముప్పై డిగ్రీల దగ్గర, 80 శాతం తేమ ఉన్న గాలి ఘనమీటరులో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మైనస్ 18 దగ్గర అదే గాలి ఒక గ్రాము మించి మోయలేదు. ఆ సందులోంచి వచ్చిన ప్రతి ఘనమీటరు గాలీ దాదాపు 23 గ్రాముల మంచుని లోపల వదిలి వెళ్తుంది. పొడిగాలి ఊళ్లలో ఇదే సందు ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా ఉండిపోవచ్చు. బీచ్ రోడ్డు దగ్గర అలా కుదరదు. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ముక్కని కరిగించి, మూత కీలు తుడిచి, స్ప్రింగు గట్టిగా లాగుతోందని చూశాం. ఈ మూతని నెలకోసారి తుడవమని ఇంటివాళ్లకి చూపించాం.

తర్వాత

మొదటి మూడు విడతల ఐస్ పారబోయించాం. ఇరవై నాలుగు గంటల్లో పది విడతలు, దాదాపు కిలో ఐస్. మైనస్ 15 దగ్గర వోల్టేజీ 3.92. రెండు రోజుల తర్వాత, పదిహేను రోజుల తర్వాత మళ్లీ చూస్తే అంకెలు అవే. ఖర్చు బోర్డుకి చెప్పిన ధరలో ఇరవయ్యో వంతు కూడా కాలేదు. పెద్దాయన ఐస్ ప్యాక్‌కి మళ్లీ బకెట్ ఐసే వాడుతున్నారు.

చివరగా చేసిన పని ఒకటుంది. ఐస్‌మేకర్ పక్క కవరు లోపలి వైపు, చలికి ఊడని లేబుల్ మీద తేదీ వేసి మూడు వరసలు రాసి అంటించాం. 31 దగ్గర 3.9కె, సున్నా దగ్గర 16.4కె, మైనస్ 15 దగ్గర 36.4కె. ఇంకో ఐదేళ్లకి ఎవరైనా ఆ కవరు విప్పితే, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏ అంకె రావాలో వాళ్లకి కంటి ముందే ఉంటుంది.